తవుడుకి కొన్న బ్యాండు

మా మనవరాలి బ్యాండుకి పేరు పెట్టినప్పుడల్లా అది చచ్చిపోయేది.

పేరు లేనన్నాళ్లూ నిక్షేపంలా ఉండేది. నలుగురు పిల్లలు శనివారం మధ్యాహ్నం పక్కింటి బేస్‌మెంట్‌లో చేరి ఐరిష్ పాటలు వాయించుకునేవారు. అయ్యాక మా ఇంటికొచ్చి ఫ్రిజ్ ఖాళీ చేసి పోయేవారు. ఇంతలో ఎవరికో ఒకరికి బుద్ధి పుట్టేది, మనకో పేరుండాలి అని. పేరు పెట్టేవారు. వారం తిరిగేసరికి దెబ్బలాట. మనవరాలు వయొలిన్ పెట్టెని మంచం కిందికి తోసేసి గోడవైపు తిరిగి పడుకునేది.

విజయనగరం వైపు నుంచి వచ్చిన ముసలమ్మకి ఐరిష్ పాటలతో ఏం పని అంటారేమో. చెప్తాను.

మేం ముందు న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్లం. అక్కడ తలుపు తీస్తే తెలుగు, మెట్లు దిగితే తెలుగు. మనవరాలు అక్కడే పుట్టి పెరిగింది. ఆదివారాలు దాన్ని తెలుగు బడికి తీసుకెళ్లి, బయట చలికి తట్టుకోలేక వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. దానికి అ ఆలు వచ్చేటప్పటికి నాకూ వచ్చేశాయి. అది గుణింతాల దగ్గర మానేసింది. నేను ఒత్తుల దాకా వెళ్లాను. చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు, మేకల వెంట పంపారు. మేకలకి చదువు రాదు కాబట్టి నాకూ రాలేదు. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాలు కూడా పొద్దున్న పాలల్లో వేసుకునే సీరియల్ డబ్బాల మీద చూసి ఒక్కొక్కటే పట్టుకున్నాను.

మనవరాలు పదో క్లాసులో ఉండగా అల్లుడికి ఉద్యోగం మారి వర్జీనియాలో ఈ షాంటిలీ వచ్చేశాం. ఇల్లు పెద్దది, వెనక గడ్డి, ముందు గడ్డి, మధ్యలో మేము. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే లాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేచేవారు. పిల్ల కొత్త బడికి వెళ్లింది. వెళ్లిన మర్నాటి నుంచీ ఒకటి మొదలైంది. మధ్యాహ్నం నేను కంచం ముందు కూర్చోగానే ఫోన్ మోగేది.

"అమ్మమ్మా, ఏం కూర?"

"బీరకాయ. నువ్వేటి తింటున్నావే?"

"సాండ్‌విచ్."

"బడిలో అంతమంది పిల్లలుంటారు గదా. ఒక్కళ్ల గొంతూ వినపడదేటి?"

"నేను మ్యూజిక్ రూమ్‌లో ఉన్నా. ఇక్కడ కామ్‌గా ఉంటుంది."

రోజూ ఇదే. నేను ఇక్కడ నా కంచం, అది అక్కడ దాని డబ్బా. ఫోన్ గ్లాసుకి ఆనించుకుని ఇద్దరం తినేవాళ్లం. వాళ్లమ్మకి చెప్పొద్దంది. చెప్పలేదు. పిల్ల నాతో మాట్లాడుతోందని సంతోషపడాలో, నాతో తప్ప ఎవరితో మాట్లాడ్డం లేదని ఏడవాలో తెలిసేది కాదు. పప్పు అదనంగా కలుపుకుని తినేసేదాన్ని.

అది సాయంత్రం ఇంటి వెనక చెక్క డెక్ మీద వయొలిన్ సాధన చేసేది. కర్ణాటక సంగీతం ఎనిమిదేళ్ల వయసు నుంచీ నేర్చుకుంటోంది. ఒక రోజు పక్కింటావిడ బిస్కట్ల డబ్బా పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. ఆవిడ నాకంటే కాస్త పెద్దది. పడుచు వయసులో ఐర్లండ్ పడమటి వైపు నుంచి వచ్చిందట. భర్త పోయాడు. ఆవిడ మాటలు నాకు ఇంగ్లీషులా వినపడవు, వర్షం పడుతున్నట్టు వినపడతాయి.

మనవరాలు విని నాకు చెప్పింది. "అమ్మమ్మా, నా ఫిడిల్ ఎప్పుడూ ఏడుస్తోందట. హ్యాపీగా ఉండేది ఏదైనా నేర్పిస్తానంటోంది."

అలా మొదలైంది. నేను ఆవిడని వదినా అని పిలిచాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లని ఇంకేమని పిలుస్తాం? ఆ పిలుపేదో బాగుందని ఆవిడ కూడా నన్ను వదినా అనడం మొదలుపెట్టింది. ఇద్దరం వదినలమే. ఆడపడుచులు లేరు.

వదినకి ఒక పద్ధతుంది. పాట కథ చెప్పందే పాట నేర్పదు. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, వాళ్లకి ఎవరిచ్చారో, ముందు వంశవృక్షమంతా చెప్తుంది. మనవరాలు తిరిగి అప్పజెప్పాలి. అప్పుడే కమాను పట్టుకోనిస్తుంది.

మొదట నేర్పింది ఒక కోడి పాట. ఎంత హుషారంటే, బఠాణీలు ఒలుస్తూ విన్నదాన్ని గిన్నెని కూడా ఆడించేశాను. దాని కథ మనవరాలు చెప్పింది. ఒక విధవరాలికి ఒకటే కోడి. పాదిరిగారు ఆదివారం భోజనానికొస్తున్నారు. కొయ్యక తప్పలేదు. ఆ కోడిని ఊరంతా ఎరుగుదురు. అందరూ ఏడుస్తూ వచ్చారు, ఏడుస్తూ తిన్నారు, ఏడుస్తూనే మారు వడ్డించుకున్నారు.

ఇంకో పాట ఇంకా హుషారు. దాని కథ ఏంటంటే, ఒకాయన పాదిరిగారి గొడుగు అరువు తెచ్చుకుని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. చివరికి పాదిరిగారు పోయారు. వానలో పూడ్చారు. అప్పుడు ఈయన వెళ్లి సమాధి మీద గొడుగు విప్పి పెట్టి వచ్చాడు.

దాంతో మా ఇంట్లో ఒక మాట అలవాటైపోయింది. పిల్ల కొత్త పాట ఎత్తుకుని అది చిందులు తొక్కిస్తుంటే, నేను వంటింట్లోంచి కేకేసేదాన్ని. "ఇంత హుషారుగా ఉంది, ఎవరు పోయారే?"

ఒక్కటి మాత్రం నిదానంగా సాగే పాట. ఒకామె చెల్లెలు ఓడెక్కి దేశం విడిచి వెళ్లిపోతూ అక్కకున్న ఒకే ఒక మంచి బూట్ల జత వేసుకుపోయింది. పాట నిండా తిట్లే. నా బూట్లు ఎక్కడే, వాటి మడమలు అరగదీశావా, ఉప్పునీళ్లలో తడిపావా అని. బెంగగా ఉందని ఒక్క ముక్క లేదు. ఆ కథ చెప్పినప్పుడు వదిన తన కాళ్లకేసి చూసుకుంది. నేను అటు తిరిగి టీ పెట్టాను.

కథలు మారిపోతుండేవి కూడా. మొదటిసారి గొడుగు నల్లదంటుంది, రెండోసారి అసలు గొడుగే పాదిరిగారిది కాదంటుంది.

"లాస్ట్ వీక్ వేరేలా చెప్పారు," అని మనవరాలు తగువేసుకునేది.

"పాట మారలేదు కదా. కథ ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్లది," అనేది వదిన.

కొన్నాళ్లకి ఇంకో ముగ్గురు చేరారు. ఒక తెలుగు కుర్రాడు. మృదంగం నేర్చుకున్నాడు, పెద్ద క్లాసు, కొత్తగా డ్రైవింగ్ లైసెన్స్ వచ్చి ఎవరైనా ఎక్కడికైనా వెళ్తామంటారేమోనని ఎదురుచూస్తుండేవాడు. గిటార్ వాయించే పొడుగు కుర్రాడొకడు. పాడే పిల్లొకతి. ఆ పిల్ల గొంతు విప్పితే మా కొళాయి కూడా కారడం ఆపేది. వదిన వాళ్లాయన వాయించిన డ్రమ్ము ఒకటుంటే దాన్ని తీసి ఇచ్చింది. పెద్ద జల్లెడకి మేకతోలు బిగించినట్టుంటుంది, మన డప్పుకి దూరపు చుట్టం. ఒకరికని ఇవ్వలేదు. "ఇది నలుగురిదీ," అంది.

పిల్ల మధ్యాహ్నం ఫోన్ చెయ్యడం మానేసింది. నా కంచం ముందు గ్లాసు ఊరికే నిలబడి ఉండేది. దానికి కలిసి తినడానికి మనుషులు దొరికారు. నేను ఒక్కర్తినే తింటూ ఇంత సంతోషపడ్డది ఎప్పుడూ లేదు.

ఇక పేర్ల గోల. దీనికి కూడా వదినే కారణం. తనూ వాళ్లాయనా కుర్రకారుగా ఉన్న రోజుల్లో బోస్టన్‌లో వాళ్లకో బ్యాండుండేదట. పాత వ్యాను ఒకటి కొన్నారు. దాని మీద ఏదో రొట్టెల కొట్టు పేరు రాసుంది. రంగెయ్యడానికి బద్ధకించి అలాగే తిరిగారు. ఎక్కడ ఆపినా జనం వచ్చి రొట్టెలు అడిగేవారు. చివరికి అదే వాళ్ల పేరైపోయింది. వాళ్లకి తెలిసిన ఇంకో బ్యాండు పేరు, ఇంటి ఓనరు మేడ మీంచి రోజూ అరిచే అరుపట. "పేరు మనం పెట్టుకునేది కాదు, అదే వచ్చి అంటుకుంటుంది," అంది వదిన. పిల్లలు ఆ చివరి మాట తప్ప అన్నీ విన్నారు.

మొదటి పేరు గిటార్ కుర్రాడి కుక్కది. ఆ వారమే ఆ కుక్క తెలుగు కుర్రాడి పిక్క పట్టుకుంది. నన్ను కరిచినదాని పేరు కింద నేను వాయించనన్నాడు. న్యాయమే కదా. రెండో పేరు అదృష్టం తెస్తుందనే ఏదో నాలుగాకుల మొక్కది. పాడే పిల్ల ఊరంతా చెప్పేసుకున్నాక తెలిసింది, పక్క హైస్కూల్లో ఆ పేరుతో ఒక బ్యాండుందనీ, వాళ్లకి ఆ పేరు కుట్టిన జాకెట్లు కూడా ఉన్నాయనీ. రెండుసార్లూ విడిపోయారు, రెండుసార్లూ నేను పులిహోర చేసి కలిపాను.

మూడోది గట్టి దెబ్బ. మార్చిలో, ఐరిష్ వాళ్లు ఆకుపచ్చ కట్టుకునే పండక్కి, లైబ్రరీ హాల్లో ఐరిష్ పాటల కార్యక్రమం పెట్టారు. వదిన చెప్తే ఈ పిల్లలకి కాస్త సమయం ఇచ్చారు. పోస్టరెయ్యాలి, పేరు పంపండి అని లైబ్రరీ ఆవిడ అడిగింది. నలుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలుపుదాం అన్నారు. ఎవరి అక్షరం ముందు? మా అమ్మాయి మీటింగ్ మ్యూట్‌లో పెట్టి వచ్చి, "పోల్ పెట్టుకోండి నాన్నా, సింపుల్," అని వెళ్లిపోయింది. పోల్ పెట్టారు. నాలుగు ఓట్లు, నాలుగు పేర్లకి. మా అల్లుడు ఇంకో అడుగు ముందుకేశాడు. హైదరాబాద్‌లో అంకెలు చూసి పేర్లు చెప్పే ఆయనకి వీడియో కాల్ చేశాడు.

"అత్తయ్యగారూ, ఆయన చెప్పింది క్లియర్‌గా ఉంది. ఏ పేరైనా ఓకే. చివర ఇంకో 'ఎ' కలపాలి."

"పిల్ల పేరుకే కలిపారు గదా బాబూ రెండు," అన్నాను. మా మనవరాలి పేరులో రెండు 'ఎ'లు ఎక్కువున్నాయి. పాస్‌పోర్ట్ వాళ్లు ఒకసారి, బడివాళ్లు ఒకసారి తీసేస్తే మళ్లీ మళ్లీ పెట్టించారు.

ఆ సాయంత్రం గిటార్ కుర్రాడు పాడే పిల్లతో, నీ అక్షరం ముందు పెడితే అందరూ ఇది నీ బ్యాండే అనుకుంటారన్నాడు. నా గొంతు లేకపోతే ఇది బ్యాండే కాదు, గిటార్ క్లాసు అంది ఆ పిల్ల. అతను ఇంకేదో అన్నాడు. మనవరాలు నాకు తెలుగులో చెప్పలేదు. ఆ పిల్ల గ్రూప్ చాట్‌లోంచి వెళ్లిపోయింది. తెలుగు కుర్రాడికి డ్రైవ్ చేసి తీసుకెళ్లడానికి ఎవరూ మిగల్లేదు. పులిహోర చేశాను. తినడానికి ఎవరూ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"అమ్మమ్మా, ఏం కూర?"

ఫోన్ మళ్లీ గ్లాసుకి ఆనించాను. "వంకాయ," అన్నాను.

ఆ రోజు బడి నుంచి రాగానే దాన్ని చెయ్యి పట్టుకుని పక్కింటికి లాక్కెళ్లాను. నాకొకటి తట్టింది. అది చెప్పాలంటే నా ఇంగ్లీషు చాలదు.

"నువ్వు వదినకి ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను. "మీ బ్యాండు పాపకి పేరు పెడుతుంటే పోతోంది. మా వైపు ఇలాంటిదానికి మందుంది."

"అమ్మమ్మా, ఇది పాప కాదు."

"చెప్పవే."

చెప్పింది. మా అమ్మకి నాకు ముందు పుట్టిన పిల్లలు నిలవలేదు. నేను పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టి వెనక్కి చూడకుండా వచ్చేశారు. వీధి చివర ఒకావిడ, ముందే అనుకున్నట్టు, వచ్చి ఎత్తుకుంది. "నాకు పెంట మీద బిడ్డ దొరికింది, ఎవరిక్కావాలి?" అంది. మా అమ్మ ఏమీ ఎరగనట్టు తవుడిచ్చి కొనుక్కుంది. ఇది ఎవరికో పనికిరాని పిల్ల, నాది కాదు అనిపిస్తే, పట్టుకుపోయేవాళ్లు దీని జోలికి రారు. అందుకే నా పేరు తవుడుతో మొదలవుతుంది. మిగతాది చెప్పను. మా అమ్మాయి స్నేహితుల దగ్గర నా పేరు అసలే చెప్పదు, "మా మమ్మీ" అని ఊరుకుంటుంది.

మనవరాలు మధ్యలో ఆగిపోయి నాకేసి చూసింది. "నిన్ను నిజంగా ట్రాష్ మీద పెట్టారా?"

"పెట్టారు, తీశారు. చూడు, ఎంత గట్టిగా ఉన్నానో."

వదిన నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ ముందుకి జరుపుకుంది. వాళ్ల తమ్ముడికి బడికెళ్లే వయసు దాకా గౌను తొడిగారట. వాళ్ల ఊళ్లో మగపిల్లలని కళ్లకి కనపడనివాళ్లు ఎత్తుకుపోతారట. ఆడపిల్లనుకుని వదిలేస్తారని గౌను వేసేవారట. వాడు పెద్దయ్యాక పోలీసయ్యాడట.

"అంటే వాళ్లకి కూడా తెలుసు," అన్నాను.

"ఎక్కడైనా ఎత్తుకుపోయేవాళ్లు ఒకటే రకం. తెలివి తక్కువ," అంది వదిన. లేచి ఫోన్ తీసింది. పాడే పిల్లకి చేసి, మీ బ్యాండుకి అంత్యక్రియలున్నాయి, రాకపోతే మర్యాద కాదు అంది. అంత్యక్రియలంటే ఐరిష్ వాళ్లు ఎగ్గొట్టరట. ఆ పిల్ల ఐరిష్ కాదు, అయినా వస్తానంది.

తవుడు దొరకడం కష్టమైంది. ఇండియన్ స్టోర్‌లో అడిగితే ఆ అబ్బాయి, "ఆంటీ, ఏ బ్రాండ్?" అన్నాడు. చివరికి అమెరికన్ కొట్లో, జుట్టుకి నూనెలూ కడుపుకి పొడులూ ఉండే వరసలో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి పట్టుకున్నాను. గోధుమ తవుడు. బియ్యం తవుడైతే శాస్త్రం. కానీ ఈ బ్యాండు బిడ్డది వర్జీనియా, ధాన్యం కూడా వర్జీనియాదే ఉండనీ అనుకున్నాను.

పెంటకుప్ప అసలే దొరకలేదు. షాంటిలీలో ఎక్కడ చూసినా కత్తిరించిన గడ్డి. మా కమ్యూనిటీలో ఎవరి ఇంటి ముందైనా ఆకులు కుప్పగా ఉంటే ఈమెయిల్ వస్తుంది. ఇంతింత చెత్త చేసే దేశంలో ఒక్క కుప్ప కనపడకుండా ఎలా దాస్తారో! చివరికి చెత్తబండి వచ్చే రోజున రోడ్డు పక్కన పెట్టే డబ్బాతో సరిపెట్టుకున్నాం. అదృష్టం, ఆ రోజు బడిలో టీచర్లకే పని, పిల్లలకి సెలవు.

నలుగురూ వచ్చారు. పాడే పిల్ల నల్లబట్టలు వేసుకుని వచ్చింది. గిటార్ కుర్రాడికి దూరంగా నిలబడింది. నేను నలుగురిదీ అయిన డ్రమ్మునే బిడ్డనుకుని, దానికి పసుపు రాసి, రీసైక్లింగ్ డబ్బా మూత మీద పడుకోబెట్టాను.

"ఇప్పుడు అందరం ఇంట్లోకి పోవాలి. వెనక్కి చూడకూడదు. తలుపేసుకోవాలి. వదిన వాళ్లింట్లోంచి వచ్చి ఎత్తుకుంటుంది."

"ఎంతసేపు, అమ్మమ్మగారు?" అన్నాడు తెలుగు కుర్రాడు.

"వదిన బూట్లేసుకునేంతసేపు."

ఇక్కడ నాకు తెలియంది ఒకటుంది. ఈ దేశంలో రోడ్డు పక్కన పెట్టింది ఏదైనా, కావలసినవాడు పట్టుకుపోవచ్చట. మా ఊళ్లో పెంట మీద బిడ్డనైతే ఎవరూ చెప్పకుండా ఎత్తుకోరు. ఇక్కడ పాత కుర్చీలూ దీపాలూ ఏరుకునే పికప్ ట్రక్కులు చెత్తబండి కంటే ముందే తిరుగుతాయి.

ట్రక్కు చప్పుడైంది. వెనక్కి చూడకూడదు కాబట్టి మేం చూడలేదు. వదిన కేక వినపడింది. తలుపు తీశాం. వదిన ఒక బూటు వేసుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని, వీధి చివరకి చూపిస్తోంది. డబ్బా ఉంది. డ్రమ్ము లేదు.

వాళ్లాయన డ్రమ్ము. 

"నాకు లైసెన్స్ ఉంది!" అని అరిచాడు తెలుగు కుర్రాడు. ఆ రోజు కోసమే పుట్టినవాడిలా వాళ్లమ్మ వ్యాను తీశాడు. అందరం ఎక్కేశాం. నా చేతిలో తవుడు సంచీ ఉండిపోయింది. పాడే పిల్లా గిటార్ కుర్రాడూ ఒకే సీట్లో ఇరుక్కున్నారు.

"లెఫ్ట్, లెఫ్ట్!"

"అది కల్-డి-సాక్ రా, దారి లేదు, రైట్!"

"స్టాప్ సైన్ ఉంది, ఆగాలి," అన్నాడు డ్రైవరు. ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్లీ అటు చూశాడు. అంత పద్ధతైన వెంటపడడం నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

చెరువు మలుపు దగ్గర ట్రక్కు కనపడింది. దాని వెనకాల కట్టిన కుర్చీ మీద మా పసుపు డ్రమ్ము దర్జాగా కూర్చునుంది. మాకూ దానికీ మధ్య బాతులు. ఈ ఊరి పెద్ద బూడిదరంగు బాతులు రోడ్డు దాటుతున్నాయి, పెళ్లివారిలా, ఒక్కదానికీ తొందర లేదు. పాడే పిల్ల కిటికీలోంచి తల బయట పెట్టి ఒక్క అరుపు అరిచింది. అదే గొంతు. బాతులు ఎగిరిపోయాయి. ట్రక్కు ఆగిపోయింది.

"దట్స్ వై వుయ్ నీడ్ యూ," అన్నాడు గిటార్ కుర్రాడు.

టోపీ పెట్టుకున్న పెద్దాయన దిగాడు. పిల్లలు నలుగురూ ఒకేసారి మాట్లాడారు. ఆయన వాళ్లని వదిలేసి నాకేసి చూశాడు. నేను మనవరాలిని ముందుకి తోశాను.

"ఇది చెత్త మీద ఉంది కదా," అన్నాడట ఆయన.

"చెత్తే. కానీ మా చెత్త కాదు అని చెప్పడానికి పెట్టాం. అంటే మాదే," అంది మనవరాలు ఇంగ్లీషులో. ఆ తర్వాత ఊపిరి తీసుకోకుండా నా పుట్టుక దగ్గర నుంచీ చెప్పింది. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. నా చేతిలో సంచీ చూపించి ఏదో అడిగాడు.

"అమ్మమ్మా, అది వీట్ బ్రానా అంటున్నాడు. వాళ్లింట్లో కోళ్లున్నాయట. వాటికి ఇష్టమట."

 మా ఊళ్లో ఎత్తుకునే ఆవిడతో ముందే మాట్లాడుకుంటారు, అదంతా నాటకమే. ఇక్కడ ఆయనకి మాతో ఏ ఒప్పందమూ లేదు. నిజంగా దొరికింది, నిజంగా తవుడు కావాలి. నేను సంచీని రెండు చేతులా పట్టుకుని ఇచ్చాను. మా అమ్మ అన్నదే అన్నాను. "బిడ్డ మీకు దొరికింది. మేం తవుడిచ్చి కొనుక్కుంటున్నాం."

మనవరాలు చెప్పింది. ఆయన డ్రమ్ముని తీసి దులిపి, చంటిబిడ్డనిచ్చినట్టే ఇచ్చాడు. బాగా తిండి పెట్టమన్నాడట.

వ్యానులో తిరిగి బయల్దేరాం. దారిలో పాడే పిల్ల, ఆ సంచీలో ఉన్నదాన్ని తెలుగులో ఏమంటారని అడిగింది.

"తవుడు," అంది మనవరాలు.

"నో నో," అన్నాడు తెలుగు కుర్రాడు. "మా మమ్మీ చంపేస్తుంది. అది ఆవుల ఫుడ్."

"టవుడూ," అన్నాడు గిటార్ కుర్రాడు. ఇంకోసారి అన్నాడు. ఎవరి అక్షరం ముందు అని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం అల్లుడు అంకెలాయనకి ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, ఆయన ఈ పేరు వద్దంటున్నాడు. బొత్తిగా కలిసిరాదట. ఎన్ని 'ఎ'లు కలిపినా లాభం లేదట."

"అదే కావాలి బాబూ," అన్నాను.

లైబ్రరీ హాలు ఆకుపచ్చ బట్టలతో నిండిపోయింది. వదిన నా పక్కన కూర్చుంది. పిల్లలు పైకెక్కారు. నాలుగు టీషర్టుల మీదా, డ్రమ్ము మీదా ఇంగ్లీషు అక్షరాల్లో తవుడు. నేనే ముందు చదివి మా అమ్మాయికి చూపించాను. అమ్మాయి చాలాసేపు చూసింది. తర్వాత ముందు వరసలో ఉన్న ఆఫీసు స్నేహితురాలి భుజం తట్టి, "దట్స్ మై మదర్స్ నేమ్. ఆల్మోస్ట్," అంది.

లైబ్రరీ ఆవిడ మైకులో అడిగింది, ఈ పేరెలా వచ్చిందని. మనవరాలు మొదలుపెట్టింది. ఈ ఊరొచ్చాక నలుగురి ముందు నోరు విప్పని పిల్ల. పెంటకుప్ప దాకా వచ్చేసరికి గిటార్ కుర్రాడు మైకు దగ్గరికి వచ్చి, అక్కడ బాతులు వంద ఉన్నాయన్నాడు. పాడే పిల్ల, బాతులు కాదు, నా గొంతు అంది. తెలుగు కుర్రాడు డ్రమ్ము కొట్టి, అసలు డ్రైవ్ చేసింది నేను అన్నాడు. మనవరాలు, స్టాప్ సైన్ దగ్గర ఎంతసేపు ఆగాడో చెప్పింది. హాలంతా నవ్వు. వాళ్లూ నవ్వుతున్నారు, ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. లైబ్రరీ ఆవిడ గడియారం చూపించాల్సి వచ్చింది.

వదిన నా చెవి దగ్గరికి వంగింది. నాకర్థం కావాలని నిదానంగా చెప్పింది. "నాలుగు నోళ్లు, నాలుగు కథలు. ఇప్పుడైంది బ్యాండు."

తర్వాత వాయించారు. కోడి పాట వాయించారు, గొడుగు పాట వాయించారు. బూట్ల పాట పాడే పిల్ల పాడుతుంటే మనవరాలి వయొలిన్ కింద నుంచి మెల్లగా వచ్చి చేరింది. వదిన కళ్లు తుడుచుకోలేదు. వాళ్ల పాటలకి తుడుచుకోకూడదేమో, నేనూ తుడుచుకోలేదు.

అయిపోయాక అల్లుడు కారు ముందుకి తెచ్చాడు. మనవరాలు పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీ కొట్టింది. వెనకాల ముగ్గురూ ఏదో అరుస్తున్నారు.

"మీరు వెళ్లిపోండి. మేం పీట్జాకి వెళ్తున్నాం. వాడే డ్రాప్ చేస్తాడు."

"ఎన్నింటికొస్తావు?" అంది మా అమ్మాయి.

"తెలీదు మమ్మీ! స్టాప్ సైన్లు ఎన్నున్నాయో చూడాలి!"

అది అటు పరిగెత్తింది. వెనక్కి చూడలేదు. నేను వెనక సీట్లో ఒక్కర్తినే కూర్చుని కాళ్లు చాపుకున్నాను.

"అమ్మా, ఇంట్లో ఏం కూరుంది?" అంది మా అమ్మాయి ముందు నుంచి.

"ఏమీ లేదు," అన్నాను. "ఈ పూట వండలేదు. మనం కూడా ఎక్కడైనా తిందాం పదండి. వాళ్లు వెళ్లిన చోటికి మాత్రం వద్దు."